పలక పట్టినవారు

రెండింటికి ఇంకా నాలుగు నిమిషాలుంది. కంప్యూటర్ ముందు కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాను, ప్రశ్నపత్రం ఇంకా చేతికి రాని పిల్లలా. మున్సిపాలిటీ వాళ్లు పంపిన ఉత్తరంలో స్పష్టంగానే ఉంది: ఒక దరఖాస్తుకి ఒక వీధి, ఒక వీధికి ఒక గంట. రెండు నుంచి మూడు. మూడు దాటితే పేజీ దానంతటదే మూసుకుంటుంది, మళ్లీ చూడాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నాలుగు నెలలు. యాభై అయిదేళ్ల కిందట ఇంటిపన్ను వెయ్యడం కోసం ఊళ్లో ప్రతి ఇంటినీ కొలిచి, ఫోటో తీసి, అట్టకార్డుల మీద అంటించారట. ఇప్పుడా కార్డులన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు. ఫోటోలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోకుండా అప్పటివాళ్లకి ఒక పద్ధతి ఉండేది: ఇంటి నంబరు పలక మీద సుద్దముక్కతో రాసి, ఆ ఇంటివాళ్లలో ఎవరో ఒకరి చేతికిచ్చి, గుమ్మం ముందు నిలబెట్టి ఫోటో తియ్యడం. ఆ పలక కోసమే నేను నాలుగు నెలలు ఆగాను. మా ఇంటి ముందు ఆ రోజు పలక పట్టుకుని నిలబడింది మా అమ్మ. అమ్మ మొహం ఎలా ఉంటుందో నాకు తెలియదు.

తెలియదంటే ఎవరూ నమ్మరు. యాభై ఎనిమిదేళ్లదాన్ని, తల్లి మొహం తెలియకపోవడమేమిటి, ఒక్క ఫోటో అయినా ఉండదా అంటారు. ఉండేది. ఒకటే ఒకటి, పెళ్లినాటిది, గోడకి వేలాడుతూ ఉండేది. అమ్మ నా నాలుగో ఏట పోయింది. ఆ తర్వాత రెండేళ్లకి ఒక వానాకాలం పైకప్పు కారింది, గోడ వెంట దిగిన నీళ్లు పటంలోకి వెళ్లాయి, ఫోటో అద్దానికి అంటుకుపోయింది. నాన్న కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. తుప్పుపట్టి బిగుసుకుపోయిన మరనైనా చుక్క నూనె వేసి, అయిదు నిమిషాలు ఆగి, బుజ్జగించినట్టు తిప్పి తీసే చేతులు ఆయనవి. ఆ చేతులు ఆ ఒక్కరోజు ఆగలేదు. లాగేశాడు. నాన్న మొహం కాగితం మీదే ఉంది, అమ్మది అద్దంతో వెళ్లిపోయింది. కాగితం మీద ఆవిడ భుజాలు మిగిలాయి, వాటిపైన తెల్లటి మచ్చ. అద్దానికి అంటిన పొర ఎండి రెండు రోజుల్లో పొట్టులా రాలిపోయింది. నాన్న నేలమీద కూర్చుండిపోవడం నాకు గుర్తుంది, రాలినదాన్ని కాగితంలోకి ఎత్తడం గుర్తుంది, అమ్మ మొహం మాత్రం గుర్తు లేదు. అంతకుముందు రోజూ గోడ మీద చూసే ఉంటాను కదా. రోజూ కనిపించేదాన్ని ఎవరు చూస్తారు. కాస్త పెద్దయ్యాక అడిగాను, అమ్మ ఎలా ఉండేది నాన్నా అని. బావుండేది అన్నాడు. బావుండటమంటే? బావుండేదమ్మా, అని మళ్లీ స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ఇంకోసారి అడగలేదు.

రెండయింది. తెరుచుకుంది. పైన కుడివైపు మూలన గంట కిందికి జారడం మొదలైంది, యాభై తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు, నలభై తొమ్మిది, నలభై ఎనిమిది. వెతకడానికి గడులున్నాయి: యజమాని పేరు, పాత ఇంటి నంబరు, కార్డు నంబరు. నంబరు నాకు తెలియదు, అప్పటినుంచి ఆ ఊళ్లో మూడుసార్లు మార్చారు. అందుకని నాన్న పేరు కొట్టాను. ఫలితాలు లేవు. ఇంటిపేరు ముందు పెట్టి కొట్టాను, వెనక పెట్టి కొట్టాను. లేవు. అక్షరం మార్చాను, పొడుగ్గా రాశాను, పొట్టిగా రాశాను, చివరికి తాతయ్య పేరు కూడా కొట్టాను, ఆయన జన్మలో ఆ వీధి మొహం చూసి ఎరగడు. ప్రతిసారీ ఒక చిన్న చక్రం తిరుగుతుంది, తిరిగి తిరిగి ఫలితాలు లేవు అంటుంది, అదే మర్యాద, అదే స్వరం. ఆ స్వరం నాకు బాగా తెలుసు. ముప్పై ఒక్క ఏళ్లు అది నా స్వరమే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ నంబరు పలకడం లేదండీ, ఆ పేరుతో ఎవరూ లేరండీ అని రోజుకి ఎన్నిసార్లు చెప్పేదాన్నో. అవతల ఎవరో ఇంకొక్కసారి చూడమ్మా అని బతిమాలేవాళ్లు. చూశానండీ అనేదాన్ని. కొన్నిసార్లు చూడకుండానే అనేదాన్ని. ఆ పాపం ఇప్పుడు తిరిగి తగులుతోంది కాబోలు.

ఎక్స్ఛేంజీలో చేరిన మొదటిరోజు పెద్దమేడం నేర్పిన మొదటి నియమం, ఎవరు మాట్లాడుతున్నారని అడిగితే ‘నేను’ అనకూడదు. ఎక్స్ఛేంజ్ అనాలి. "నేను అనే మనిషి ఇక్కడ లేదు, గుర్తుపెట్టుకో" అంది, మిగతా పిల్లలు కిసుక్కున నవ్వారు, నేను నవ్వలేదు. ఎందుకంటే ఆ పాఠం నాకు అప్పటికే ఇంట్లో అయిపోయింది. నాన్నకి అక్క, మా అత్తయ్య, అమ్మ పోయాక నన్ను పెంచడానికి వచ్చిన మనిషి. అమ్మ గురించి నాకు తెలిసిందంతా అత్తయ్య నోటినుంచే, అదీ తిట్ల రూపంలోనే. "మీ అమ్మా? కాలుగాలిన పిల్లి. తన ఇంట్లో తప్ప అందరిళ్లలోనూ ఉండేది. తలుపు కొడితే లోపల్నించి ఎవరూ అంటారు కదా, పేరు చెప్పాలా వద్దా? ‘నేనే’ అనేది. అంతే! ఊరంతా తనకి పుట్టిల్లయినట్టు." నేను ఎవరింటికైనా ఆడుకోవడానికి వెళ్తానంటే అత్తయ్య గుమ్మానికి అడ్డంగా నిలబడేది. "అడిగితే వెళ్లు, పిలిస్తే వెళ్లు, ఊరికే వెళ్లకు." పిలవకుండా నేను ఈ జన్మలో ఎవరి గడపా తొక్కలేదు. పిలిచినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెళ్లి సంబంధాలు రెండు వచ్చి వెళ్లాయి, నాన్న వెళ్లిపోయాడు, ఎక్స్ఛేంజీ మూసేశారు, పోయిన ఏడు అత్తయ్య కూడా వెళ్లిపోయింది, ఎనభై ఆరేళ్లకి, నిద్రలో, ఎవరినీ పిలవకుండా. ఇప్పుడు నా ఫోన్ మోగితే బ్యాంకు వాళ్లే.

పద్దెనిమిది నిమిషాలు అయిపోయాయి. మళ్లీ నాన్న పేరు కొట్టబోతూ ఆగాను. మాది అద్దె ఇల్లు కదూ. నెల మొదట్లో అద్దె కోసం కళ్లజోడాయన ఒకాయన వచ్చి గుమ్మంలో నిలబడితే నాన్న బనీను మీద చొక్కా తొడుక్కుంటూ పరిగెత్తేవాడు కదూ. ఆస్తి రికార్డుల్లో కూర్చుని ఆస్తి లేనివాడి పేరు వెతుకుతున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ కళ్లజోడాయన పేరు నాకెప్పుడూ తెలియదు. మేము ఆ ఇంట్లో ఎనిమిదేళ్లున్నాం, మా గోడలకి నాన్న మేకులు కొట్టాడు, ఆ నేలమీద నేను నడక నేర్చుకున్నాను, అమ్మ ఆ ఇంట్లోనే పోయింది, అయినా ఊరి కాగితాల్లో మేము ఎక్కడా లేము. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. సరే, పేర్లొద్దు, ఒకటో కార్డు నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ పోతాను అనుకున్నాను. వీధికి యాభై రెండు కార్డులున్నాయి. నలభై ఒక్క నిమిషాలున్నాయి.

అప్పుడే బెల్లు మోగింది. నేను కదల్లేదు. రెండోసారి మోగింది, మొదటిదానికంటే చిన్నగా, కొట్టినవాళ్లే మొహమాటపడినట్టు. ఎదుటి ఫ్లాటావిడే అయ్యుంటుంది, మా తలుపు దాకా వచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆస్పత్రిలో నర్సు, వేళాపాళా లేని ఉద్యోగం, ఒక్కతే ఉంటుంది, దిగి మూడు నెలలయింది. పోయిన వారం ఇలాగే బెల్లు కొట్టి, తడిజుట్టుతో, చెప్పులు లేకుండా నిలబడింది. "మొన్న తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నానండీ. రెండు గంటలు మెట్ల మీద కూర్చున్నాను. రెండో తాళంచెవి మీ దగ్గర ఉంచుకుంటారా?" నాకు మతిమరుపండీ, ఎక్కడ పెట్టానో మర్చిపోతాను అన్నాను. మతిమరుపు! ఎక్స్ఛేంజీ మూసేసి పదేళ్లయినా మూడువందల ఇళ్ల ఫోన్ నంబర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆవిడ పర్లేదండీ అని నవ్వింది. ఆ రెండు గంటలు ఆవిడ మెట్ల మీద కూర్చున్నప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను, తలుపు కన్నంలోంచి చూశాను కూడా. మోకాళ్లమీద గడ్డం పెట్టుకుని గోడవైపు చూస్తోంది. అడగలేదు కదా అనుకున్నాను. ఇప్పుడు అడుగులు వెనక్కి వెళ్లాయి, ఎదుటి తలుపు మూసుకుంది. ఒకటో కార్డు తెరిచాను.

ఫోటో పైనుంచి కిందికి దిగుతుంది, నెమ్మదిగా, తెర దించుతున్నట్టు. ముందు ఆకాశం, తర్వాత పైకప్పు, ఆ తర్వాత తలుపు పైభాగం, మనిషి తల, పలక, కాళ్లు, చివర్న వీధి. ఒకటో నంబరులో పెద్దాయన పలకని పొట్టకి ఆనించుకుని కళ్లు మూసుకున్నాడు. రెండులో నౌకరు. మూడులో తాళం, పలకని గొళ్లానికి వేలాడదీశారు. అయిదులో ఇద్దరు అన్నదమ్ములు చెరో వైపు పట్టుకుని ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా నిలబడ్డారు, ఆ ఇంటికి గొడవుందని యాభై అయిదేళ్ల తర్వాత కూడా తెలిసిపోతోంది. పదకొండులో మూలమీది రొట్టెల బట్టీ, పొగగొట్టం. అది చూసి తెరకి దగ్గరగా జరిగాను, ఆ పొగగొట్టం నాకు తెలుసు, దాని వాసన తెలుసు. కానీ బట్టీకీ మాకూ మధ్య ఎన్ని ఇళ్లో తెలియదు. నేను వెతకవలసింది కిటికీని. మా వీధివైపు కిటికీకి ఒక ఊచ ఉండేది కాదు. ఆ సందులో మూడేళ్ల వయసులో నేను తల దూర్చి ఇరుక్కుపోయానట. అప్పుడు చుట్టపుచూపుగా మా ఇంటికి వచ్చి ఉన్న అత్తయ్యే చెప్పింది, వీధంతా మూగి రంపం తెమ్మని ఒకళ్లు, తల తిప్పమని ఒకళ్లు అరుస్తుంటే, అమ్మ సబ్బు తెచ్చి నా చెవులకి రుద్ది, ఒక్క తోపు తోసిందట. "నీ ఏడుపు కాదు, మీ అమ్మ నవ్వు ఆగలేదు. పిల్ల చస్తుంటే నవ్వేమిటే అని నేనే మొట్టాను" అంది అత్తయ్య. ఆ నవ్వు ఎలా ఉండేదో అడగాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అత్తయ్య మొహం అప్పటికే గోడవైపు తిరిగి ఉంది.

పదిహేను, పదహారు. ఊచలన్నీ ఉన్నాయి. ఇరవై రెండు, కిటికీయే లేదు. ఒక్కో కార్డు దిగడానికి అర నిమిషం, ఒక్కోసారి నిమిషం. మనుషులని చూడటం మానేశాను, కిటికీలే చూస్తున్నాను. ఫోటో కింద కార్డులో సిరాతో నింపిన గడులు: గదులు ఎన్ని, గోడలు ఏ రకం, పైకప్పు ఏ రకం. చిట్టచివర ఒక గడి, పలక పట్టినవారు: యజమాని, కుటుంబ సభ్యులు, ఇతరులు, వీటిలో ఒకదాని మీద టిక్కు. ఇరవై తొమ్మిది. ముప్పై. నాకెందుకో నీరసం వచ్చింది. ఒకవేళ దొరికినా, నేను గుర్తుపట్టకపోతే? ఏ ఆడమనిషో పలక పట్టుకుని నిలబడుతుంది, ఈవిడా మా అమ్మ అని నన్ను నేనే అడుగుతాను, జవాబు చెప్పేవాళ్లు ఒక్కళ్లూ మిగల్లేదు. నాన్న లేడు. అత్తయ్య ఉండి ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని చూపించేదాన్ని, తిడుతూనే చెప్పేది. ఒక మనిషిని గుర్తుపట్టాలన్నా ఇంకో మనిషి కావాలని ఈ వయసులో తెలుస్తోంది నాకు.

ముప్పై మూడు. ఆకాశం. పైకప్పు, ఒకవైపు రెండు పెంకులు జారి ఉన్నాయి. ఓహో, ఆ నీళ్లు దిగింది అక్కణ్నించే. తలుపు. ఎడమవైపు కిటికీ, ఒకటి, రెండు, మూడు, సందు, అయిదు. ఆ సందులో ఒక చిన్న తల. చెదిరిన జుట్టు, తెరిచిన నోరు. అది నేను. నన్ను చూసి నేను కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను. తలుపు ముందు ఒక మనిషి. తల ఉండవలసిన చోట పలక. ముప్పై మూడు అని అంత లావున సుద్ద అంకెలు, పలక అంచుల మీద వేళ్లు, పలక కింద మెడ, గళ్ల బట్ట, చెప్పులు లేని పాదాలు. ఎత్తి పట్టుకోమ్మా అని ఉంటారు, ఎత్తి పట్టుకుంది. మొహానికి సరిగ్గా అడ్డంగా. ఎంత మంచి మనిషివమ్మా, చెప్పిన మాట ఎంత చక్కగా విన్నావు. ఆమేనని ఎలా తెలిసిందంటే చేతులు. పలకని ముందుకి చాపి పట్టుకుంటే ఆ చేతులు మోచేతుల దగ్గర తిన్నగా ఆగకుండా అవతలివైపుకి వంగిపోయాయి. నావీ అంతే. బడిలో చేతులు చాపమన్నప్పుడు డ్రిల్లు మాస్టారు నన్ను ముందుకి పిలిచి అందరికీ చూపించేవాడు, పిల్లలు వంకరచేతులు అని పిలిచేవాళ్లు, అత్తయ్య నిట్టూర్చి "రాక రాక ఇదొక్కటి వచ్చింది మీ అమ్మ పోలిక" అని నాకు పొడుగు చేతుల జాకెట్లు కుట్టించేది. ఎండాకాలంలో కూడా అవే వేసుకున్నాను ఇప్పటిదాకా. స్క్రీన్ మీద ఆ మోచేతిని వేలితో తాకాను. గాజు. ఏడుపొచ్చింది, చిన్నపిల్లలా వెక్కి వెక్కి వచ్చింది, ఎవరైనా వింటారేమో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. ఎవరు వింటారు. ఒకసారి అద్దం, ఒకసారి పలక. పదిహేడు నిమిషాలు మిగిలి ఉన్నాయి, వాటితో ఇక పనిలేదు.

కింది గడిలో టిక్కు ఉంది, కుటుంబ సభ్యులు. పేరు రాయలేదు. కిటికీలో ఉన్న నా తల వైపు చూశాను. ఆ తల పలకవైపు చూడటం లేదు, వీధికి అవతలివైపు ఎవర్నో చూసి కేక వేస్తోంది. ఎవర్ని? అత్తయ్య ఒకసారి ఏమంది, ఆ రోజు గురించి. పప్పులో రాళ్లు ఏరుతూనో, నా జడ అల్లుతూనో. మున్సిపాలిటీ వాళ్లు వచ్చిన రోజున మీ అమ్మ పొయ్యి మీద గిన్నె పెట్టి మర్చిపోయింది, గిన్నె అడుగు ఊడిపోయింది. ఎందుకు మర్చిపోయింది? పలక పట్టుకోవడానికి వెళ్లింది. ఒక ఫోటోకి గిన్నె అడుగు ఊడిపోతుందా? ఊడదు. అప్పుడు అడగలేదు నేను, అత్తయ్య చెప్పుకుంటూ పోయింది, నాకు మాటలన్నీ గుర్తున్నాయి, మూడువందల నంబర్లున్న బుర్రలో ఇవి మాత్రం ఎక్కడికి పోతాయి. "పలక పట్టుకున్నవాళ్ల మీదే పన్ను వేస్తారని ఎవడో పుకారు లేపాడు. ఆ చివర కొంపలన్నీ తలుపులు బిడాయించుకున్నాయి. ఒక్కళ్లు ముందుకి రాలేదు. ఈవిడకేం? ‘మాకు ఇల్లే లేదు, నా మీద ఏం వేస్తారు, ఇలా ఇవ్వండి’ అని వాళ్ల చేతిలో పలక లాక్కుందిట. వీధి చివరిదాకా వాళ్ల వెనకే పోయింది. సిగ్గులేదూ!" సిగ్గులేదూ అన్నప్పుడు అత్తయ్య గొంతు తిట్టినట్టు లేదు. ఇప్పుడు వినిపిస్తోంది ఆ గొంతు. అప్పుడు నాకు జడ లాగినట్టయి అబ్బా అన్నాను.

ముప్పై నాలుగు కొట్టాను. ఆకాశం, పెంకులు, మూసిన తలుపు. పలక. దాని మీదుగా నుదురు, రెండు కళ్లు. అవే చేతులు, అదే గళ్ల బట్ట. పలకని కాస్త దించమని ఎవరో చెప్పినట్టుంది. కళ్లు ఎండకి చిట్లించుకుని ఉన్నాయి, అంతకంటే తెలియడం లేదు. కింద టిక్కు, కుటుంబ సభ్యులు. ముప్పై అయిదు, ఎవరో ముసలాయన, ధైర్యస్థుడు. ముప్పై ఆరు, పలక ఛాతీ దగ్గరికి దిగింది, మొహం మొత్తం ఉంది కానీ కదిలిపోయింది, ఏదో మాట్లాడుతుండగా తీశారు, బూడిదరంగు పొగ. టిక్కు, కుటుంబ సభ్యులు. ఆరు నిమిషాలు. ముప్పై ఏడు ఎంతసేపటికీ దిగలేదు, వదిలేశాను. ముప్పై ఎనిమిది, అమ్మ పక్కన నేను, కిటికీలోంచి ఎలాగో బయటపడి వచ్చేశాను, ఆవిడ బట్ట పట్టుకుని ఉన్నాను, ఆవిడ తలవంచి నన్ను చూస్తోంది, పాపిడి కనిపిస్తోంది. వెనకాల తలుపు ఓరగా తెరుచుకుని సందులోంచి ఎవరిదో ఒక కన్ను. టిక్కు, కుటుంబ సభ్యులు. ఆ గుమాస్తా అడగలేదో, అడిగితే ఈవిడే అలా చెప్పిందో. ఈ ఇళ్లలోనే ఏదో ఒక ఇంట్లో మరుసటి ఏడు పిల్లలకి జ్వరాలొచ్చాయి, ఈవిడ వెళ్లి వారం రోజులు అక్కడే కూర్చుంది, పిల్లలు లేచి వీధిలో ఆడుకున్నారు, ఈవిడ మంచం మీదనుంచి లేవలేదు. ఏ ఇల్లో అత్తయ్యకి తెలుసు. నాకెప్పుడూ చెప్పలేదు, చెబితే ఆ తలుపుని జీవితాంతం తిడతాననుకుందేమో. నన్ను గుమ్మంలో నిలేసి చేతులడ్డం పెట్టింది అందుకేనా, నువ్వూ పోతావని భయపడ్డావా అత్తయ్యా. చెప్పి ఉండొచ్చుగా.

నలభై. రెండు నిమిషాల పది సెకన్లు. ఆకాశం, దాంట్లో ఒక తీగ. పైకప్పు. తలుపు పైన గూడు. జుట్టు, గాలికి రేగి ఉంది. నుదురు. కళ్లు. నేను గడియారం వైపు చూడదలుచుకోలేదు. ముక్కు కాస్త వెడల్పు. నోరు. నోరంతా తెరిచి నవ్వుతోంది, ఫోటో తీసేవాడి వైపు తిన్నగా చూస్తూ, పలకని పొట్ట దగ్గర ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో నన్ను చంకనేసుకుని, అంకెలు పక్కకి వాలిపోయి. ఎంత చిన్నపిల్ల. పాతికేళ్లు కూడా ఉండవు. నాకో కూతురుంటే దానికి ఇంతకంటే ఎక్కువే ఉండేవి. నా మొహం కనిపిస్తుందనుకున్నాను, లేదు, నేను పూర్తిగా నాన్ననే, నాలో ఆవిడది చేతులొక్కటే. బావుంది. నాన్న చెప్పినట్టే, బావుంది. ఇంకో మాట నాకూ దొరకలేదు. ఆవిడ వెనక తలుపు బార్లా తెరిచి ఉంది, ఆ ఇంటివాళ్లు ముగ్గురో నలుగురో గుమ్మంలోకి వచ్చేసి వాళ్లూ నవ్వుతున్నారు, భయం పోయినట్టుంది. కింద టిక్కు ఎక్కడుందో తెలుసు, అయినా చూశాను. కుటుంబ సభ్యులు. మళ్లీ పైకి వెళ్లి మొహం దగ్గర ఆగాను, ఆగే ఉన్నాను, తెర తెల్లబడింది. మీ సమయం ముగిసినది అని అక్షరాలు.

ఫోన్‌తో స్క్రీన్ ఫోటో తీసుకోవచ్చన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఫోన్ చేతికి అరడుగు దూరంలో ఉంది. బతుకంతా ఫోన్ల మధ్య గడిపినదాన్ని! గట్టిగా నవ్వొచ్చింది, ఒంటరిగా ఉన్న ఇంట్లో నవ్వు ఎంత పెద్దగా వినిపిస్తుందో నాకు ఇంతకాలం తెలియదు. పర్లేదు, కార్డు నంబరు తెలుసు, దరఖాస్తు పెడతాను, నాలుగు నెలలు ఎంతలో పోతాయి. మొహం కడుక్కున్నాను. జాకెట్ చేతులు తడిశాయని మోచేతుల పైదాకా మడిచాను, మళ్లీ దించలేదు. మధ్యాహ్నం మూడు గంటల వేళ, వరండాలో ఎవరూ లేరు, లిఫ్టు ఏదో అంతస్తులో ఆగి ఉంది. ఎదుటి తలుపు ఆరడుగులు. ఇందాక బెల్లు కొట్టారు కదా, ఏమిటో కనుక్కుందామని వచ్చానని చెప్పొచ్చు, మంచి సాకు. తాళంచెవి ఇంకెవరికైనా ఇచ్చేశారా అని అడగాలి. ఇచ్చేస్తే? ఇచ్చేస్తే ఇచ్చేసింది. కాళ్లు ఆవిడ గడప దగ్గర ఆగిపోయాయి, అలవాటు. అడిగితే వెళ్లు, పిలిస్తే వెళ్లు. చెయ్యి చాపి బెల్లు నొక్కాను, మోచెయ్యి అవతలివైపుకి వంగింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడు, అడుగులు, తలుపు వెనక నిద్రమత్తు గొంతు.

"ఎవరూ?"

పేరు చెప్పాలి, ఫ్లాటు నంబరు చెప్పాలి. ఆవిడకి నా గొంతు అంతగా తెలియదు కూడా.

"నేనే" అన్నాను.